తుల్జ కుండ

యాదలక్ష్మి ఆసు పోస్తున్నది. విల్లులా వంచిన చెక్కకు వరుసగా దిగ్గొట్టిన పుల్లల మీదుగా నూలుపోగును తిప్పి, మళ్లీ అడుగునున్న మేకు దగ్గరికి తెచ్చి, ఆమె కుడిచెయ్యి పొద్దుటి నుంచి ఒకే బాటలో పోయి వస్తున్నది. ఆ పని అలవాటైనవాళ్లకు చేతి మీద చూపు అక్కర లేదు. చెయ్యి తన బాట తాను ఎరుగును. చూపు ఇల్లంతా తిరిగి వస్తుంది. అందుకే కొడుకు గడప దాటిన తీరు ఆమె కంటబడింది.

భిక్షపతికి ఎనిమిదేళ్లు. నూలు చుట్టిన కండెల గంప నెత్తిన పెట్టుకొని, మగ్గం గుంటలో కూర్చున్న తండ్రి గండయ్య దగ్గరికి పోతున్నాడు. గడప ముందు ఆగాడు. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకొని, రెండో చేత్తో తన మోకాలిని తానే ఎత్తి అవతల పెట్టుకున్నాడు. అదేమంత ఎత్తైన గడప కాదు. నిరుడు దాన్ని దుమికి పోయినవాడే. ఇప్పుడు మోకాళ్లు రెండూ ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి, పాదాలు మాత్రం ఎడమెడంగా పడుతున్నాయి.

ఆమె చేతిలో పోగు తెగింది.

అరుగు మీద గచ్చకాయలాడుతున్న కూతురు తల ఎత్తకుండానే అన్నది. "అన్న బొక్కలు నాకొచ్చినయట. గందుకనే గట్ల నడుస్తాండు."

"ఎవరే అన్నది?"

"చెలిమె కాడ అందరు అంటాండ్రు. ఆడిపిల్లలకు పెట్టాలెనంటె మొగపిల్లలకాడ తీసుకుంటదట, వాగుల ఉండే ఆమె."

చెప్పి, గచ్చకాయ ఎగరేసి, అది కిందపడేలోగా మిగిలినవి గుప్పిట్లోకి ఊడ్చుకుంది. ఆరేళ్ల పిల్ల. ఎముకల్లో వంకర లేదు, కాళ్లు కొత్త కండెల్లా నున్నగా, నిటారుగా ఉన్నాయి. నవ్వితే పళ్లు జొన్నగింజల్లా తెల్లగా మెరుస్తాయి. అన్న పళ్ల మీద మాత్రం ఇటుకపొడి పూసినట్టు అడ్డచారలు.

గోడకు ఆనుకొని కూర్చున్న అత్త నర్సింగమ్మ ఆ మాట విన్నది. ఆమె మెడ తిరగదు. నడుము వంగదు. ఎవరినైనా చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. అలాగే, అరచేతులు నేల మీద ఆనించి, మెల్లగా ఒళ్లంతా తిప్పి, మనుమరాలి వైపు చూసింది. యాదలక్ష్మి తెగిన పోగును ముడివేస్తూ, అత్త ఏమైనా తిడితే బాగుండుననుకున్నది.

రాళ్లచెల్క అనే ఆ ఊరు మర్రిగూడ తోవలో, ఎర్రమట్టి మెరకల నడుమ ఉంటుంది. కొత్తగా వచ్చినవారెవరైనా అక్కడ దీపాలు పెట్టే వేళ ఒక తల్లి బిడ్డను పిలవడం వింటే ఉలిక్కిపడతారు. ఆ సాయంకాలం యాదలక్ష్మి వాకిట్లోకి వచ్చి, "తుల్జా" అని పిలిచింది. సాలెల వాడలో ఎదురింటి తడిక వెనక నుంచి ఒక "ఓ" వచ్చింది. గొల్లల వాడ నుంచి రెండు. చింతమాను కింద నుంచి ఒకటి. ఇంకెక్కడో కనబడని చోట నుంచి, ఆలస్యంగా, మరొకటి. ఆ చుట్టుపట్ల ఏ ఊళ్లోనూ వినబడని పేరు ఈ ఊళ్లో ఇంటికొకటి. ఎవరి బిడ్డ వాళ్లకు వచ్చి చేరుతుంది. చివరి పలుకు మాత్రం ఎవరి బిడ్డదో ఎవరూ పోయి చూడరు.

ఆ రోజు కూతురు వచ్చి కాళ్లకు చుట్టుకున్న తరువాత కూడా యాదలక్ష్మి కొంతసేపు వాకిట్లోనే నిలబడింది. వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"శుక్రారం పేరు దించుదం."

*

మరునాడు యాదలక్ష్మి నూలుకు గంజి పెడుతుంటే నర్సింగమ్మ దగ్గరికి వచ్చి కూర్చున్నది. దించడానికి ముందు, పెట్టినదెందుకో చెప్పాలనుకున్నట్టున్నది. కోడలు ఎరగని కథ కాదు. కాని ఇంతవరకూ ముక్కలుగా విన్నదే తప్ప, ఆ పేరు మొదట మోసిన మనిషితో ఒకే పొయ్యి మీద వండుకు తిన్న అత్త నోట విన్నది లేదు.

తుల్జాబాయి నర్సింగమ్మకు తోడికోడలు. మరిది షోలాపురం మిల్లుల్లో నేతకు పోయి, అక్కడ స్థిరపడిన మన సాలెల పిల్లనే చేసుకొని వచ్చాడు. ఆ దిక్కున తుల్జాపురం భవాని పేరు బిడ్డలకు పెట్టుకోవడం మామూలే. ఇక్కడ మాత్రం ఆ పేరు పలకడానికే నోళ్లు తిరగలేదు. పిల్ల మంచిదే. ఒక్కటే పేచీ. ఊరబావి నీళ్లు ఆమె గొంతు దిగలేదు. తాగితే కడుపులో రాయి పడ్డట్టున్నదనేది. కుండ చంకన పెట్టుకొని దూరాన వాగుకు పోయి, ఇసుకలో చెలిమె తోడుకొని, ఊటనీళ్లు తెచ్చుకునేది. అద్దంలాంటి బావినీళ్లు ఇంటి ముందర పెట్టుకొని మట్టివాసన నీళ్లకు పోతుందని ఊరంతా నవ్వింది. షోలాపురం దొరసాని అని పేరు పెట్టింది. ఎండాకాలంలో ఊట కిందికి పోయి, చెలిమె మనిషి లోతైంది. ఒక మిట్టమధ్యాహ్నం ఆమె దిగి తోడుకుంటుండగా ఇసుకదరి కూలింది. తెలిసి జనం పోయేసరికి ఎగువన కురిసిన వానకు వాగు వచ్చింది. వాగు పోయాక ఎంత వెతికినా మనిషి దొరకలేదు. అప్పటికి కడుపుతో ఉంది.

"దొరకలే," అన్నది నర్సింగమ్మ, తనలో తాను అనుకున్నట్టు. "గిప్పటికీ గాడనే ఎక్కడనో ఉన్నది."

ఆ తరువాత ఊళ్లో ఆడపిల్లలకు జ్వరాలు తగిలాయి. సోది చెప్పే ఆమెను పిలిస్తే, ఆమె ఒళ్లు విరుచుకొని, నా పేరు పెట్టండి, నా నీళ్లు తాపండి అన్నది. పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెట్టి, ఒక కొత్త కుండను విడిగా పెట్టి, బండ అంచున మిగిలిన ఒక్క చెలిమె నుంచి నీళ్లు తెచ్చి ఆ పిల్లకే తాపడం అప్పటి నుంచి మొదలైంది. పేరున్న పిల్ల తప్ప ఆ కుండలో ఎవరూ మూతి పెట్టకూడదు. వాగులో వేరే చెలిమె తవ్వకూడదు. ఇసుకలో ఎక్కడ గీరినా ఆమె చెయ్యి తగలవచ్చు. మిట్టమధ్యాహ్నం వాగులో ఆ పేరు పెట్టి పిలవకూడదు.

జ్వరాలు తగ్గాయి. జ్వరాలు సాధారణంగా తగ్గుతాయి. అయినా పేరు నిలిచింది. నాలుగిళ్లలో ఉన్నంతకాలం ఎవరూ దానిని పట్టించుకోలేదు. ఆ పేరు గల పిల్లలు చక్కగా పెరుగుతున్నారని మెల్లగా అందరూ పెట్టుకున్నారు. ఇంటింటా తుల్జ పెరిగి, ఒకే గడపలో నిటారు చెల్లె పక్కన వంగిన అన్న నిలబడిన తరువాత, ఊరు తన పద్ధతిలో లెక్క కట్టింది. ఒకరికి వచ్చిందంటే ఒకరి దగ్గర పోయి ఉండాలి.

కొడుకు కాళ్లు వంగిన బీరన్న ఇంట్లో నెల కిందటే పేరు దించారు. పిల్లను చెలిమె దగ్గరికి తీసుకుపోయి, ఆమె పేరును ఆమె నోటనే నీళ్లలోకి చెప్పించి, కుండను బండకు కొట్టి, వెనక్కి చూడకుండా వచ్చారు. ఊరబావి నీళ్లు తాపి కొత్త పేరుతో పిలిచారు.

యాదలక్ష్మి అడిగింది. "మరి గా పిలగాడు లేచి నడుస్తాండా, అత్తా?"

నొప్పులు తగ్గినయని అంటున్నారన్నది నర్సింగమ్మ. గంజిలో మునిగిన నూలును యాదలక్ష్మి పైకెత్తి పిండింది. గోడ వారన చిన్న కుదురు మీద చిప్ప మూతతో కూతురి కుండ ఉన్నది. దాని అడుగున నెమ్ము ఊరి నేల నల్లబడింది.

*

భిక్షపతి బడికి రావడం లేదని కనుక్కోవడానికి అమరేందర్ పంతులు బుధవారం నాడు వచ్చాడు. నల్లగొండలో చదువుకున్న పిల్లవాడు. ఊళ్లో బడి పెట్టిన నాటి నుంచి రేకుల కొట్టంలోనే ఉంటూ, చందమామ మీదికి మనిషి పోయే రోజు వస్తుందని ముసలివాళ్లకు చెప్పి తిట్లు తినేవాడు. మంచివాడు. మగ్గం గుంట అంచున కాళ్లు వేలాడేసి కూర్చొని, గండయ్య పడుగు నడుమ అటూ ఇటూ నాడె విసురుతుంటే చూస్తూ, సంగతంతా విన్నాడు.

దాహమడిగితే యాదలక్ష్మి చెంబుతో ఊరబావి నీళ్లిచ్చింది. ఆయన వెలుతురుకు పట్టి చూసి, ఇంత తేట నీళ్లు పట్నంలో కూడా దొరకవని మెచ్చుకొని, గటగట తాగాడు. తరువాత గండయ్యకు ధైర్యం చెప్పాడు.

"పేరు బొక్కలను వంచదు, గండయ్యా. నిటారుగ కూడ చెయ్యదు. కుండ పగలగొడుతమంటె మంచిదే, పగలగొట్టుండ్రి. పిల్లలందరు ఒక్క బావి నీళ్లు తాగాలె. గీ వేరు కుండలు, వేరు నీళ్లు, గిదంత పాత పిచ్చి."

ఆయన మొదటి మాట అక్షరాలా నిజం. రెండోది దాని వెనకనే, దాని చుట్టమన్నట్టు లోపలికి వచ్చింది. చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఇలాంటి చుట్టాలు తరచుగా దిగుతుంటారు. ఎవరూ గుమ్మంలో ఆపి, ఏ ఊరని అడగరు.

గండయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అటు తల్లి దించమన్నది, ఇటు పంతులు దించమన్నాడు. దేవుడూ చదువూ ఒకే మాట మీద ఉంటే మనిషికి అంతకంటె ఏం కావాలి?

తలుపు వెనక నుంచి యాదలక్ష్మి అన్నది. "పేరుల ఏం లేకుంటె, నా బిడ్డ కాళ్లెందుకు మంచిగున్నయి, పంతులూ?"

అమరేందర్ ఆడపిల్లల ఎముకల తీరు వేరై ఉండవచ్చునన్నాడు.

"మా అత్తయి గూడ ఆడ బొక్కలె గద."

గుంటలో నాడె ఆగింది. నర్సింగమ్మ గోడ దగ్గర కొయ్యలా కూర్చొని ఉన్నది. పంతులు ఆమెను చూశాడు, భిక్షపతిని చూశాడు, అరుగు మీది పిల్లను చూశాడు. లేచి, చెప్పులు తొడుక్కొని, తలవంచుకొని పోయాడు.

ఆ పొద్దు అన్నం పెడుతూ యాదలక్ష్మి భర్త ముఖాన్ని దగ్గరగా చూసింది. ఎడమ ముక్కుపుటం మీద పూడుకుపోయిన చిల్లు. పెళ్లైన కొత్తలో చూసి నవ్వుకున్నదే. ఇవాళ నవ్వలేదు. అది ఎందుకు కుట్టారని అడిగింది.

గండయ్యకు సిగ్గేసింది. తనకు ముందు పుట్టిన మగపిల్లలు దక్కలేదనీ, తాను పుట్టగానే తల్లి ముక్కు కుట్టించి, లంగా కట్టి, ఆడపిల్ల అని చెప్పి పెంచిందనీ గొణిగాడు. "సావును మోసం జేసుడన్న మాట. అందరు జేస్తరు."

"సావు నమ్మిందా?"

"నమ్మకుంటె నేను గిట్ల కూసోని నీ చేతి బువ్వ తింటనా?"

సావే నమ్మినప్పుడు తుల్జాబాయి నమ్మదా అనుకుంటూ యాదలక్ష్మి గరిటె కింద పెట్టింది. తరువాత లేచి, గోడ వారకు పోయి, చిప్ప మూత తీసి, కూతురి కుండలో నీళ్లు ముంచి భిక్షపతి నోటికి అందించింది. పిల్లవాడు ఇదేమిటన్నట్టు చూశాడు. పొయ్యి దగ్గర అత్త వీపు ఇటు తిరగలేదు. తిరగడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది.

*

ఇద్దరు తాగితే కుండ త్వరగా ఒట్టిపోతుంది. గురువారం మిట్టమధ్యాహ్నానికి అడుగు కనబడింది. రేపు పగిలే కుండే కదా అని గండయ్య అన్నాడు. యాదలక్ష్మి కూతురిని వెంటబెట్టుకొని, తలమీద కొంగు కప్పుకొని వాగుకు బయలుదేరింది.

తెల్లవారుజామున తుల్జలందరూ చిన్నా పెద్దా వరుసగా, మాటా పలుకూ లేకుండా ఆ దారిన పోతుంటారు. ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఇప్పుడు ఆ దారిలో పిట్ట లేదు. ఎండకు వాగు తెల్లగా, పొడుగ్గా, ఎవరో ఉతికి ఆరేసి మరిచిపోయిన బట్టలా పడి ఉన్నది. బండ అంచున చెలిమె. చుట్టూ పేర్చిన రాళ్లకు పసుపు మరకలు. యాదలక్ష్మి వంగి చిప్పతో తోడింది. చెలిమె ఒక చిప్ప ఇస్తుంది, ఆగుతుంది, ఇసుకలోంచి ఊట ఊరే దాకా మనిషిని కూర్చోబెడుతుంది, మరో చిప్ప ఇస్తుంది. ఊరికంతటికీ ఇదొక్కటే. ఇంకొక్క ఇంట్లో ఆడపిల్ల పుడితే ఈ నీళ్లు చాలవని ఆడవాళ్లు ఇప్పటికే అనుకుంటున్నారు.

తల ఎత్తేసరికి పక్కన పిల్ల లేదు.

ఇసుక మీద చిన్న అడుగులు బండ మలుపు దాకా పోయి, ఆ తరువాత గట్టినేల మీద కనబడకుండా పోయాయి. ఆమె నిలబడి పిలిచింది. పిలిచిన తరువాతనే తాను ఏ పేరు పిలిచిందో ఏ వేళ పిలిచిందో తోచింది.

"ఓ," అని పలికింది కూతురు, బండ వెనక నుంచి.

"ఓ," అని మరొకటి పలికింది, వాగు నడిమి నుంచి. గొంతు పెద్దమనిషిది.

రాతి దరులున్న చోట పిలుపు తిరిగి రావడం వింత కాదు. దరి దూరమైతే ఆలస్యంగా వస్తుంది, వంపులో తిరిగి వస్తే గొంతు బొంగురుపోతుంది. ఈ మాట యాదలక్ష్మికి చెప్పేవాళ్లు అక్కడ లేరు. ఉన్నా, ఆ ఎండలో, ఆ ఇసుక నడుమ, ఎంత తెలిసినవాడైనా ఒక్క గడియ ఆగి వెనక్కి చూసుకునేవాడే.

ఆమె గొంతు వచ్చిన దిక్కుకు నడిచింది. అరికాళ్లు కాలుతున్నాయి. వాగు నడిమికి వచ్చి, పలికిన చోటు ఇదే అనిపించిన దగ్గర ఆగింది. అక్కడ ఏమీ లేదు. కాలి బొటనవేలితో పైఇసుక పక్కకు నెట్టింది. కింద ఇసుక నల్లగా ఉంది. ఇంకా కొంచెం నెట్టింది. వేలు చుట్టూ చల్లగా నెమ్ము కమ్ముకున్నది.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి కొంగు పట్టుకున్నది. "అమ్మా, ఎవరు పలికిండ్రు?"

"నువ్వే," అన్నది యాదలక్ష్మి. కాలితో ఇసుక కప్పేసి, కూతురి చెయ్యి పట్టుకొని, నీళ్లకుండ కోసం బండ దగ్గరికి పోయింది.

*

శుక్రవారం పొద్దెక్కకముందే ఐదుగురూ బయలుదేరారు. గండయ్య కొడుకును భుజాల మీద ఎక్కించుకున్నాడు; పోయిన ఎముకలు తిరిగి రావాలంటే పిల్లవాడు అక్కడ ఉండాలన్నది నర్సింగమ్మ. ఆమె కట్టె పొడుచుకుంటూ, కొయ్యబారిన నడుముతో, దారి పొడుగునా ఎవరి సాయమూ పట్టకుండా నడిచింది. కుండను పిల్లే మోసింది.

దారిలో పిల్ల అడిగింది. "మరి రేపటి సంది నన్నేమని పిలుస్తవు, అవ్వా?"

"హనుమమ్మ అంటం."

"నేను పలుక."

నర్సింగమ్మ కట్టె ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

చెలిమె దగ్గర పిల్లను వంగమన్నారు. ఆమె వంగి, నీళ్లలో తన ముఖం చూసుకుంటూ, తన పేరు తానే మెల్లగా చెప్పింది. చెప్పి లేవబోతూ వెక్కింది. నర్సింగమ్మ కుండను అందుకొని, వంగలేదు కనుక, నిలబడే బండ మీదికి విసిరింది. ఆ చప్పుడు దరులకు తగిలి పోయింది.

"ఎనుకకు సూడకుండ నడువుండ్రి."

గండయ్య తిరిగాడు. పిల్ల తిరిగింది. యాదలక్ష్మి తిరగలేదు. వంగి, పగిలిన వాటిలో పెద్ద పెంకును ఏరుకున్నది. అరచెయ్యంత లోతుతో, వంపు తిరిగిన పెంకు. దాన్ని పట్టుకొని వాగు నడిమికి నడిచి, మోకాళ్ల మీద కూర్చొని, ఇసుక తోడడం మొదలుపెట్టింది.

"ఓ పిల్లా, పిచ్చి లేసిందా?" అత్త కేకేసింది. "గాడ కాదే. ఆమె గాడనే ఉండొచ్చు."

"ఉంటె ఉండనీ అత్తా. ఆమె నీళ్లె గద మనకు గావాలె."

ఇసుక జారి గుంటలోకి వస్తూనే ఉన్నది. తోడినదానికంటె జారేదే ఎక్కువ. ఆమె పెంకు పక్కన పెట్టి, చేత్తో దరిని అదిమి, మళ్లీ తోడింది. మోచెయ్యి మునిగింది. భుజం మునిగింది. అడుగున ఏదో సన్ననిది, చల్లనిది, ఆమె మణికట్టును చుట్టి పట్టుకున్నది. తుంగవేరు కావచ్చు. వాగు ఇసుకలో ఎండాకాలం తుంగవేళ్లు తడి కోసం లోతుకు పోతాయి. యాదలక్ష్మి చెయ్యి వెనక్కి లాక్కోలేదు. దాన్ని పైకి తీసి చూడనూ లేదు. దాన్ని అలాగే ఉండనిచ్చి, దాని పక్క నుంచి ఇసుక తీసింది. కొంతసేపటికి పట్టు సడలింది. ఆ చోట నీళ్లు వచ్చాయి.

మొదట బురదగా, తరువాత పాలలా, ఆ తరువాత కొంచెం మట్టిరంగు మిగిలి నీళ్లలాగా. ఆమె పెంకు కడిగి, ముంచి, పైకి తీసింది.

"తుల్జా, రా."

పిల్ల కదలబోయింది.

"నువ్వు కాదు బిడ్డా. అన్న."

భిక్షపతి తండ్రి భుజాల మీద నుంచి తల్లిని చూశాడు. గండయ్య నోరు తెరిచాడు. ఏమన్నా అనాలంటే ముందు తనకు కట్టిన లంగా సంగతి మాట్లాడాలి. అందుకని నోరు మూసుకొని, కొడుకును దించాడు. పిల్లవాడు మోకాళ్లు ఒరుసుకుంటూ, ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చి, తల్లి చేతిలోని పెంకుకు మూతి ఆనించి తాగాడు. తరువాత చెల్లె తాగింది.

"మొగోనికి ఆడపేరా?" అన్నది నర్సింగమ్మ. కాని ఆ ప్రశ్న ఎవరినీ అడిగినట్టు లేదు. గండయ్య వైపే చూస్తున్నది.

దరి మీద నుంచి ఎవరో పరుగెత్తుకు రావడం వినబడింది. అమరేందర్ పంతులు. చెప్పులు చేతిలో ఉన్నాయి. రెండు రోజులుగా ఊళ్లో కనబడిన పిల్లలందరి నోళ్లూ తెరిపించి పళ్ల మీది చారలు చూశాడట. పిచ్చిపట్టిందని గొల్లలు అనుకున్నారట. కుండ పగలగొట్టవద్దని చెప్పడానికి వచ్చాడు. పెంకులు చూసి, దరి మీదనే కూలబడ్డాడు.

"నేను తప్పు చెప్పిన గండయ్యా. పేరు కాదు, నీళ్లు. మన బావినీళ్లల్ల ఏదో ఉన్నది. కంటికి కనబడది. గా చెలిమె నీళ్లల్ల అది లేదు. పేరుతో ఏం పని లేదు, పిల్లలందరు గీ నీళ్లు తాగాలె."

నర్సింగమ్మ మెల్లగా, కట్టె ఆనుకొని, ఒళ్లంతా ఆయన వైపు తిప్పింది.

"పేరు లేకుంటె, గింత దూరం నీళ్లెవరు మోస్తరు పంతులూ?"

ఆయన దగ్గర ఉన్న జవాబులన్నీ నీళ్ల గురించినవే. ఆయన వాగులోకి దిగి వచ్చి, యాదలక్ష్మికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చొని, జారుతున్న దరిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. గండయ్య రాళ్లు ఏరుకొచ్చి అంచున పేర్చసాగాడు.

నర్సింగమ్మ ఒక్కతే దూరాన నిలబడింది. ఎప్పుడు బయలుదేరిందో గాని, కట్టె ఇసుకలో దిగబడుతుంటే పీక్కుంటూ, కొత్త చెలిమె దాకా వచ్చింది. కట్టె పడేసింది. వంగలేని మనిషి, కోడలి భుజం పట్టుకొని, పక్కకు ఒరిగి, మాను కూలినట్టు ఇసుక మీద పడుకున్నది. ముఖం నీళ్లకు దగ్గరగా వచ్చింది. ఆ ముఖంలో భయం ఉన్నది. తోడికోడలు పోయిన నాటి నుంచి ఊళ్లో అందరికంటె ఎక్కువగా ఆ నీళ్లకు దూరంగా ఉన్నది ఆమే.

"మూతి పెట్టొచ్చునా?" అని అడిగింది.

"తాగు అత్తా."

"పేరు లేకుంట ఎట్ల తాగుత? నన్ను గూడ పిలువు."

అత్త పేరు కోడలు పలకకూడదు. యాదలక్ష్మి గుట్ట మీది నర్సింహస్వామిని తలచుకోవలసి వచ్చినా, ఆ పేరులో అత్త పేరు ఉందని, గుట్టదేవుడు అనేది. అలాంటిది, కన్నబిడ్డను పిలిచినట్టు, గారూ బూరూ లేకుండా, అత్తను ముఖం మీద పేరు పెట్టి పిలవాలి. భర్త తల దించుకొని రాళ్లు సర్దుతున్నాడు. పిల్లలిద్దరూ చూస్తున్నారు.

ఆమె పెంకు నిండా నీళ్లు ముంచింది. ఒక చేత్తో ముసలమ్మ తల ఎత్తి పట్టుకున్నది.

"తుల్జా."

"ఓ," అన్నది నర్సింగమ్మ. ఆటలో ఉన్న పిల్లను ఇంటికి పిలిస్తే పలికినంత తొందరగా పలికింది. ఆ గొంతు ఎవరిదా అని గండయ్య చప్పున తల ఎత్తి చూశాడు. తల్లి కళ్లు మూసుకొని, నోరు తెరిచి, నీళ్ల కోసం ఎదురుచూస్తున్నది.